రాతప్రతికీ ప్రదర్శనకూ మధ్య

ఈ శీర్షికకు గత రెండు నెలల్లో వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే, తెలుగులో నాటకం రాసేవాళ్ళు తగ్గిపోయారన్న మాట నిజం కాదని మరోసారి తెలిసింది. రాసేవాళ్ళు ఉన్నారు. రాసిన కాగితాలను ఎక్కడికి తీసుకువెళ్ళాలో, ఎవరికి వినిపించాలో, ఎప్పుడు దిద్దాలో చెప్పేవాళ్ళే కరువయ్యారు. అందువల్ల ఈసారి మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి, కొత్త నాటకం తయారీకి సంబంధించిన ఉత్తరాలకే జవాబులు ఇస్తున్నాను. తమ పేరు వేయవద్దని కొందరు కోరారు కాబట్టి అందరి పేర్లూ తీసివేశాను.

ప్రశ్న: అయ్యా, నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. మా తీరగ్రామాల నుంచి వేట పని కోసం గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలస వెళ్ళే మత్స్యకారుల కుటుంబాల మీద ఒక నాటిక రాశాను. చదివిన మిత్రులందరూ బాగుందన్నారు. మా పట్టణంలోని ఒక నాటక సమాజం పెద్దాయనకు ఇస్తే, పదిహేను రోజులు ఉంచుకుని, "కథ మంచిదే మాస్టారూ, కానీ ఆడదు" అని తిరిగి ఇచ్చేశారు. ఎందుకు ఆడదో చెప్పలేదు. ఇప్పుడు నేనేం చేయాలి?

జవాబు: "ఆడదు" అన్న మాట మన సమాజాల్లో ఎంతోకాలంగా ఉన్నదే. వేదిక మీద నలిగినవారు ఆ మాట అన్నప్పుడు అందులో ఎంతో కొంత నిజం ఉంటుంది. ఆ నిజమేమిటో విడమరచి చెప్పే తీరిక మాత్రం చాలాసార్లు వారికి ఉండదు. ఆయన మీద కోపం పెట్టుకోకండి. అలాగే మీ మిత్రుల మెప్పును చూసుకుని నాటిక పూర్తయిందనీ అనుకోకండి. వాళ్ళు దాన్ని కళ్ళతో చదివారు. కళ్ళతో చదివేటప్పుడు మనిషి తనకు తెలియకుండానే కథలోని ఖాళీలను పూరించుకుంటాడు, పొడుగైన మాటలను దాటేస్తాడు, నచ్చిన చోట కాసేపు ఆగుతాడు. హాల్లో కూర్చున్న ప్రేక్షకుడికి ఈ మూడింటిలో ఒక్కటి కూడా కుదరదు.

మీరు ముందుగా చేయవలసింది నాటికను చెవితో వినడం. అయిదారుగురిని పిలవండి. నటులే కానక్కరలేదు, తడుముకోకుండా తెలుగు చదవగలిగితే చాలు. పాత్రకొకరు చొప్పున చదవాలి, రంగ సూచనలు వేరొకరు చదవాలి. మీరు మాత్రం ఒక్క పాత్ర కూడా చదవకూడదు. రచయిత చదివితే కాగితం మీద లేని భావాన్ని కూడా గొంతులో పలికించి లోపాన్ని కప్పేస్తాడు. ఒక మూల కూర్చుని, పెన్సిల్ పట్టుకుని, చదివేవారి నాలుక ఎక్కడ తడబడిందో, వినేవారు ఎక్కడ కదిలారో, ఎక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారో గుర్తు పెట్టుకోండి. చదవడం ముగిశాక "ఎలా ఉంది?" అని అడగకండి, మర్యాదకు బాగుందనే అంటారు. "కథ ఏమిటో చెప్పండి" అని అడగండి. వాళ్ళు చెప్పే కథకూ మీరు రాశాననుకున్న కథకూ మధ్య ఎంత దూరం ఉందో అక్కడ తేలిపోతుంది.

ఈ పఠనం విలువ నాకు ఎలా తెలిసిందో చెబుతాను. చాలా ఏళ్ళ కిందట నేను రాసిన ఒక నాటికలో, కొడుకు ఊరు విడిచి వెళ్ళే రాత్రి తల్లి మాట్లాడే సుదీర్ఘమైన సంభాషణ ఒకటుండేది. పదకొండు వాక్యాలు. వాటిని రాసుకుని నేనే కంటతడి పెట్టుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రాథమిక పాఠశాల గదిలో, పిల్లలు కూర్చునే పొట్టి బల్లల మీద కూర్చుని దాన్ని చదివాం. తల్లి పాత్ర చదివినావిడ ఎన్నో ఏళ్ళుగా నాటక పోటీలు నడిపే పరిషత్తుల్లో వేషాలు వేస్తున్న నటి. నాలుగో వాక్యం దగ్గర ఆవిడ ఆగిపోయి, "బాబూ, ఈ తల్లి ఇంత మాట్లాడుతుందా? పిల్లవాడు తెల్లవారితే వెళ్ళిపోతున్నాడు, సంచిలో ఏం సర్దాలో చూసుకోదా?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపే తన చేతిసంచి ముందుకు లాక్కుని, అందులోని మంచినీళ్ళ సీసానే పచ్చడి సీసా అనుకుని, మూత బిగించి, తలకిందులు చేసి చూసి, అడుగున కొంగుతో తుడిచి, మళ్ళీ మూత బిగించి లోపల పెట్టారు. "నూనె కారుతుందేమో, దీన్ని నిలబెట్టే ఉంచు" అని మాత్రం అన్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. నా పదకొండు వాక్యాలూ అక్కడికక్కడే కొట్టేసి, ఆవిడ అన్న ఆ ఒక్క వాక్యాన్ని రాసుకున్నాను. తర్వాత ఎన్ని ప్రదర్శనలు జరిగినా ఆ రంగం దెబ్బతినలేదు.

మీ నాటికను నేను చూడలేదు కాబట్టి అందులో లోపం ఇదేనని చెప్పలేను. అయితే వలస మీద వచ్చే నాటికల్లో తరచుగా కనిపించే ఒక ఇబ్బందిని చెబుతాను. వెళ్ళినవాడు వేదిక మీద ఉండడు. జరిగినదంతా ఫోనులోనో, తిరిగి వచ్చినవాడి మాటల్లోనో వినిపిస్తుంది. వేదిక మీద మిగిలేది ఎదురుచూపు. ఎదురుచూపు కవితకు సరిపోతుంది కానీ, నాటకానికి అదొక్కటే చాలదు. ఎదురుచూస్తున్న మనిషికి ఆ పూట ఒక అవసరం ఉండాలి. వడ్డీ వ్యాపారి తలుపు తట్టవచ్చు, పిల్ల పెళ్ళివారు మరునాడే రావచ్చు, సముద్రంలో పడవ చిక్కుకుందన్న కబురు నిజమో కాదో తెల్లవారేలోగా తేలవలసి ఉండవచ్చు. ఆ అవసరం తీరడానికి ఆమె ఏం చేస్తుందో చూపిస్తే నాటిక కదులుతుంది. మరొక మాట. ఆ మొదటి పఠనానికి వెరావల్ వెళ్ళి వచ్చినవారిని ఒకరిద్దరినైనా పిలవండి. పడవ మీద పనిముట్లకు, సరుకుకు, జీతం ముందస్తుగా తీసుకునే పద్ధతికి వాళ్ళు వాడే మాటలు మీరు ఊహించి రాసిన మాటలకంటే తప్పకుండా బలంగా ఉంటాయి.

ప్రశ్న: నేను విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. ఒకసారి ఆడి, అచ్చు వేసిన నాటకాన్ని రచయిత మళ్ళీ మార్చడం బలహీనత కాదా? కన్యాశుల్కానికి రెండు కూర్పులు ఉన్నాయని మా అధ్యాపకులు చెప్పినప్పటి నుంచి నాకీ సందేహం ఉంది.

జవాబు: మీ ఊళ్ళోనే పుట్టిన ప్రశ్న ఇది, జవాబు కూడా మీ ఊళ్ళోనే ఉంది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కాన్ని విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు 1892లో తొలిసారి ప్రదర్శించారు. 1897లో అది పుస్తకంగా వచ్చింది. ఈనాడు మనం చదువుతున్న, చూస్తున్న కన్యాశుల్కం 1909లో వెలువడిన రెండవ కూర్పు. తొలి ప్రదర్శనకూ ఈ రెండవ కూర్పుకూ మధ్య 17 ఏళ్ళు గడిచాయి. ఆడిన నాటకాన్ని, అచ్చయిన నాటకాన్ని, సంస్థానం ఆదరణ పొందిన నాటకాన్ని రచయిత మళ్ళీ చేతిలోకి తీసుకుని, అయిదు అంకాలను ఏడు అంకాలుగా పెంచి, పాత్రలను కొత్తగా మలిచి తిరగరాశారు. దీన్ని బలహీనత అంటే మన భాషలో బలమైన నాటకం మరొకటి చూపించడం కష్టం.

మొదటి కూర్పుకు ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠికను తప్పకుండా చదవండి. విశాఖపట్నం ప్రాంతంలో మూడేళ్ళ కాలంలో జరిగిన శుల్క వివాహాల, అంటే డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చే పెళ్ళిళ్ళ, పట్టికను విజయనగరం మహారాజావారు తయారు చేయించిన సంగతి అందులో ఉంది. లెక్కకు వచ్చిన వివాహాలు 1034. వధువుల్లో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు చదివితే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. అయినా నాటకంలో ఈ పట్టికను ఏ పాత్ర చేతా చదివించలేదు. అగ్నిహోత్రావధానుల ఇంట్లో అన్నం దగ్గర రేగిన గొడవగా, ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టబోయే చిన్నపిల్ల సుబ్బిగా, ఆ పెళ్ళిని తప్పించడానికి కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి తీసుకువెళ్ళే ఎత్తుగా అది మారింది. సామాజిక సమస్య మీద నాటకం రాసే యువకులకు నేను మళ్ళీ మళ్ళీ చెప్పే మాట ఇదే. మీ దగ్గరున్న సమాచారమంతా మీ మేజా మీద ఉండాలి. పాత్రకు ఆ సమాచారంతో పని ఉండదు, ఆమెకు ఆ పూట గడవాలి.

ఇక రెండు కూర్పుల తేడా. మొదటి దానిలో మధురవాణి చిన్న పాత్ర. రెండవ దానికి ఆమే ప్రాణం. గిరీశంతో, రామప్ప పంతులుతో, లుబ్ధావధానులతో, కరటక శాస్త్రితో, చివరకు మగవేషం వేసుకుని వెళ్ళి సౌజన్యారావు పంతులుతో ఆమె మాట్లాడుతుంది. అంటే నాటకంలో విడివిడిగా ఉన్న మగవాళ్ళందరినీ ఒక దారంతో కుట్టే సూది ఆమె. ఈ మార్పు గురజాడవారికి ఏ క్షణంలో తట్టిందో మనం ఊహించనక్కరలేదు. చేసిన పని మన కళ్ళ ముందుంది. తిరగరాయడమంటే అక్షర దోషాలు దిద్దడమో, నాలుగు చమత్కారాలు చేర్చడమో కాదు. నాటకంలో అప్పటికే పక్కన నిలబడి ఉన్న మనిషిని గుర్తించి మధ్యకు తీసుకురావడం కూడా తిరగరాయడమే. మొదటి కూర్పు కూడా పుస్తకంగా వచ్చింది కాబట్టి, మీ కళాశాల గ్రంథాలయంలో వెతికి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని మధురవాణి కనిపించే రంగాలను మాత్రమే చదవండి. నాటక రచన మీద ఏ పాఠ్యపుస్తకమూ మీకు ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు.

మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1909 కూర్పు మొత్తం ఒక్క రాత్రిలో ఆడటానికి వీలుకానంత పెద్దది. అందుకే ప్రదర్శించినవారు దాన్ని కుదించుకున్నారు. మీ ఊళ్ళోనే మొదలుపెట్టి, జె.వి. రమణమూర్తి గిరీశంగా, జె.వి. సోమయాజులు రామప్ప పంతులుగా దశాబ్దాల పాటు జనానికి చూపించింది అటువంటి రంగస్థల ప్రతినే. రచయిత తిరగరాసిన నాటకాన్ని కూడా ప్రయోక్తలు మళ్ళీ కత్తిరించుకోవలసి వచ్చింది. నాటకం ఆడినంత కాలం ఈ పని సాగుతూనే ఉంటుంది.

ప్రశ్న: నా నాటకంలో మూడు రంగాలను దర్శకుడు నాతో ఒక్క మాట చెప్పకుండా తీసేశారు. ప్రదర్శన రోజున ప్రేక్షకుల మధ్య కూర్చుని చూసి తెలుసుకున్నాను. నాకు హక్కంటూ ఏమీ లేదా? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఉంది. మన దేశంలో నాటకం రాసిన క్షణం నుంచే దాని మీద కాపీరైటు రచయితదే. రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు, చేయించుకుంటే సాక్ష్యంగా పనికివస్తుంది, దాని రుసుము 500 రూపాయలు. రచయిత జీవితకాలంతో పాటు మరణానంతరం మరో 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. ప్రదర్శించాలన్నా, మరో రూపంలోకి మార్చాలన్నా అనుమతి తీసుకోవాలి. టికెట్టు లేకుండా ఔత్సాహిక సమాజం వేసే ప్రదర్శనకు 1957 నాటి చట్టంలో మినహాయింపు ఉంది కానీ, దాన్ని అడ్డం పెట్టుకుని రచయిత పేరు తీసేయడానికి, రచయిత పరువు పోయేలా నాటకాన్ని వికృతం చేయడానికి వీలులేదు.

మీ బాధ నాకు అర్థమైంది. నాకూ అలాంటి రాత్రి ఒకటి గడిచింది. అయినా కోర్టు మాట తర్వాత చూద్దాం. ముందు ఒక పని చేయండి. ఆ మూడు రంగాలు ఎందుకు తీశారో దర్శకుణ్ణి అడగండి. సెట్టు మార్చడానికి వీలుకాక తీశారా, నటుడు మానేయడం వల్లనా, లేక అవి లేకపోయినా కథ సాగుతోందనా? మొదటి రెండూ ఆయన ఇబ్బందులు, మూడోది మీది. ప్రదర్శన మీరే చూశారు కాబట్టి అడుగుతున్నాను, ఆ రంగాలు లేకపోవడం వల్ల ప్రేక్షకుడికి ఏదైనా అర్థం కాకుండా పోయిందా? పోయిందంటే వాటి కోసం గట్టిగా నిలబడండి. పోలేదంటే, వాటిని మీరే తీసేయవలసింది.

ఇకముందు ఎవరికి నాటకం ఇచ్చినా ఒక కాగితం మీద నాలుగు మాటలు రాయించుకోండి. మార్పులు రచయితకు తెలియజేసి చేయాలి. మొదటి వారం రిహార్సల్స్‌కు రచయిత వస్తాడు. మధ్యలో రాడు, ఎందుకంటే నటులు తప్పులు చేస్తూ వెతుక్కునే ఆ రోజుల్లో రచయిత ఎదురుగా కూర్చుంటే వాళ్ళు బిగుసుకుపోతారు. పూర్తి నాటకం మొదటిసారి నడిచే రోజున మళ్ళీ వస్తాడు. ఆ రోజు తన అభిప్రాయాలను నటులకు కాకుండా దర్శకుడికి మాత్రమే చెబుతాడు. ఈ పద్ధతి నేను పాటించినంత కాలం ఎవరితోనూ మాట పట్టింపు రాలేదు.

ప్రశ్న: నమస్కారమండీ. నాది ప్రకాశం జిల్లా. డ్వాక్రా సంఘం సమావేశం ఒక్క సాయంత్రంలో జరిగినట్టుగా నాటిక రాశాను. ఆరుగురు స్త్రీలు, ఒక్కడే మగవాడు, అతనూ చివర్లో వచ్చే బ్యాంకు ఉద్యోగి. పరిషత్తులకు పంపుదామంటే, ఆడవేషాలు రెండుకు తగ్గించమంటున్నారు. తగ్గించనా?

జవాబు: తగ్గించకండమ్మా. 

ఈ సలహా వెనక ఉన్న లెక్క మీకు తెలియాలి. పరిషత్తులంటే నాకు ఎంతో గౌరవం. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడిన నాటి నుంచి, పోటీల పేరిట ఏటా కొత్త రచనలు రావడానికి, చిన్న ఊళ్ళలో కూడా నాటక సమాజాలు నిలబడటానికి అవే ఆధారం. సొంత డబ్బు పెట్టి, ఊరంతా తిరిగి చందాలు వసూలు చేసి, వచ్చిన నటులకు భోజనాలు పెట్టి పరిషత్తు నడిపే పెద్దలు లేకపోతే మన సాంఘిక నాటిక ఏనాడో ఆగిపోయేది. కానీ పోటీ నాటికకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. గంటలో ముగియాలి. ఒకే రాత్రి వరసగా నాటికలు ఉంటాయి కాబట్టి సెట్టు నిమిషాల్లో కట్టి, నిమిషాల్లో విప్పాలి. నటీమణులు చాలావరకు వేరే ఊళ్ళ నుంచి వస్తారు. వారి పారితోషికం, ప్రయాణం, బస అన్నీ సమాజమే చూసుకోవాలి. అందుకని రాసేవారు ముందే ఒక తల్లినో, ఒక భార్యనో పెట్టుకుని సరిపెడతారు. ఖర్చును బట్టి వచ్చిన ఈ అలవాటు ఏళ్ళు గడిచేసరికి నాటిక స్వరూపంగా స్థిరపడిపోయింది. మన నాటికల్లో స్త్రీ ఎప్పుడూ ఒంటరిగా, మగవాళ్ళ మధ్య నిలబడి ఎందుకు ఏడుస్తుందో ఆలోచించండి. మరో స్త్రీతో మాట్లాడే అవకాశం ఆమెకు దాదాపుగా రాదు. మీరు రాసింది సరిగ్గా ఆ మాటలనే.

మరి ఎవరు ఆడతారు? నాటకం ఎప్పుడూ ఉన్న మనుషులను బట్టే పెరిగింది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన సురభి కుటుంబాలలో ఆడవాళ్ళ వేషాలు ఆ ఇంటి ఆడవాళ్ళే వేశారు. అందుకే వారి నాటకాలు నిండుగా ఉండేవి. అదే కాలంలో ఆడవాళ్ళు దొరకని సమాజాల్లో మగవారే స్త్రీ పాత్రలు ధరించారు. స్థానం నరసింహారావుగారి సత్యభామ ఆ అవసరం నుంచి పుట్టిన కళ. మీ దగ్గర ఉన్నది సంఘం సభ్యులు. వాళ్ళతోనే మొదలుపెట్టండి. వారానికి రెండు సాయంత్రాలు, మీ సమావేశం జరిగే చోటే, అదే చాప మీద కూర్చుని చదవండి. పొదుపు పుస్తకం చేతులు మారేటప్పుడు, బాకీ పడినావిడ పేరు పిలిచేటప్పుడు ఎవరు ఎటు చూస్తారో వాళ్ళే మీకు చూపిస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల శాఖలు ఉన్నాయి. అక్కడ చదువుకుంటున్న అమ్మాయిలు మంచి స్త్రీ పాత్రల కోసం వెతుక్కుంటూ ఉంటారు. వారికి ప్రతి పంపండి. పరిషత్తు నిర్వాహకులకు కూడా ఈ శీర్షిక ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. పోటీల మధ్యలో ఒక పూట, బహుమతుల ప్రసక్తి లేకుండా, రెండు కొత్త రచనల పఠనానికి కేటాయించండి. మేకప్ అక్కరలేదు, సెట్టు అక్కరలేదు, నాలుగు కుర్చీలు, రెండు మైకులు చాలు.

ప్రశ్న: పద్యనాటకంలో కొత్తగా చేయడానికి ఇంకేమైనా మిగిలి ఉందా?

జవాబు: ఉంది. కొత్తదనం రచయిత నుంచే రావాలని ఏమీ లేదని పద్యనాటకమే మనకు చూపించింది. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి సత్య హరిశ్చంద్రలోని కాటిసీనులో నటులు గుర్రం జాషువాగారి శ్మశానవాటి పద్యాలను చేర్చుకుని పాడారు. అవి లేకుండా ఆ రంగాన్ని జనం ఊహించలేని స్థితి వచ్చింది. వేరొక కవి వేరొక సందర్భంలో రాసిన పద్యం నాటకంలో అతుక్కుపోవడానికి కారణం, అది ఆ చోట హరిశ్చంద్రుడి గుండెలోని మాటను చెప్పడమే. కొత్త పద్యనాటకం రాసేవారు కూడా ఆ పరీక్ష పెట్టుకోవచ్చు. వచనంలో చెప్పలేని చోటనే పద్యం ఎత్తుకోవాలి.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటున్నాం. మా తెలుగు సంఘం ప్రతి ఉగాదికీ పాత నాటకాలే వేస్తోంది. ఈసారి ఇక్కడి మన జీవితాల మీద కొత్త నాటకం తయారు చేయాలని పది మందిమి అనుకున్నాం. అమెరికాలో కొత్త నాటకాలను ఎలా తయారు చేస్తారో చెప్పగలరా?

జవాబు: మీ దేశంలో ఇందుకు ఏర్పాటు చేసిన చోట్లు ఉన్నాయి. కనెక్టికట్ రాష్ట్రంలోని వాటర్‌ఫర్డ్‌లో యూజీన్ ఓనీల్ పేరిట 1964లో ఒక నాటక కేంద్రం ఏర్పడింది. అక్కడ ఏటా వేసవిలో జరిగే నాటక రచయితల సదస్సుకు అచ్చు కాని, ఆడని నాటకాలను ఎంపిక చేస్తారు. నటులు రాతప్రతిని చేతిలో పట్టుకునే వేదిక ఎక్కుతారు. అలంకరణ నామమాత్రం. రచయిత వింటాడు, రాత్రికి రాత్రి దిద్దుతాడు, దిద్దిన పేజీలు మళ్ళీ నటుల చేతికి వస్తాయి. లాయిడ్ రిచర్డ్స్ అనే దర్శకుడు 1968 నుంచి 1999 వరకు ఆ సదస్సును నడిపించారు. నల్లజాతీయుల జీవితాన్ని నాటకాలుగా రాసిన ఆగస్ట్ విల్సన్ అక్కడికి అంతకుముందు పంపిన రచనలు ఎంపిక కాలేదు. 1982లో ఒక నాటకం ఎంపికయింది, అక్కడ దిద్దుబాటు జరిగింది, రెండేళ్ళకు అది న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వే చేరింది. ఆ రెండేళ్ళను గమనించండి. ఒక మంచి నాటకానికి కూడా అంత వ్యవధి కావలసి వచ్చింది.

మీకు ఉగాది గడువు ఉంది కాబట్టి, ఈ ఉగాదికి పూర్తి నాటకం వేయాలని పట్టుబట్టకండి. ఇరవై నిమిషాల భాగాన్ని, కాగితాలు చేతిలో పట్టుకునే, సంఘంలోని పెద్దలకు చదివి వినిపించండి. వచ్చే ఉగాదికి నాటకం వేయండి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అక్కడ పుట్టి పెరిగిన పిల్లల పాత్రల చేత గ్రాంథికమైన తెలుగు మాట్లాడించకండి, నవ్వించడం కోసం వాళ్ళ ఉచ్చారణను వెక్కిరించకండి. తల్లి తెలుగులో అడుగుతుంది, పిల్లవాడు ఇంగ్లీషులో జవాబిస్తాడు, ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది, అయినా ఏదో ఒకటి అందకుండా మిగిలిపోతుంది. మీ నాటకం బహుశా అక్కడే ఉంది. పది మందీ కలిసి రాస్తున్నారు కాబట్టి, చివరి ప్రతి మాత్రం ఒక్కరే రాయాలని, రచయితగా ఎవరి పేర్లు వేయాలో ఇప్పుడే రాసి పెట్టుకోవాలని నా సలహా. ఆ సంగతి ప్రదర్శన అయ్యాక మాట్లాడుకుంటే స్నేహాలు చెడతాయి.

ప్రశ్న: నా నాటకాన్ని ఇప్పటికి ఏడుసార్లు తిరగరాశాను. ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఏడుసార్లూ మీ గదిలోనే కూర్చుని రాశారా, లేక మధ్యలో ఎవరైనా చదవగా విన్నారా? ఉత్తరంలో ఆ సంగతి లేదు. వినకుండా తిరగరాస్తే ఏడో ప్రతి మొదటి ప్రతికంటే మెరుగని నమ్మకం ఏమీ లేదు. ఒక్కోసారి మొదట్లో ఉన్న పచ్చిదనం కూడా పోతుంది. ఇక మీదట ఒక పఠనానికీ మరో పఠనానికీ మధ్య మాత్రమే దిద్దండి. చదివేవారు ప్రతిసారీ వేరే వేరే చోట్ల తడబడుతుంటే అది వారి తడబాటు, వదిలేయండి. వేర్వేరు మనుషులు ఒకే చోట తడబడుతుంటే అది మీది, దిద్దండి. అలాంటి చోట్లు మిగలనప్పుడు నాటకాన్ని దర్శకుడి చేతికి ఇవ్వండి.

అన్ని నాటకాలూ ఆ దశకు చేరవు. అందుకు కుంగిపోకండి. కన్యాశుల్కాన్ని అంత శ్రద్ధగా తిరగరాసిన గురజాడవారే కొండుభట్టీయం, బిల్హణీయం అనే మరో రెండు నాటకాలు మొదలుపెట్టారు. రెండూ అసంపూర్ణంగానే మిగిలాయి, అలాగే అచ్చయ్యాయి. వాటిని మనం ఈనాటికీ చదువుకుంటున్నాం.